పై రకం పంప్ గన్ కొనమన్నది నేనే, ఇప్పుడు మాట మారుస్తున్నా

అందరికీ నమస్కారం. ఒడిశా బరంపురంలో మా తుపాకుల కొట్టుకి వచ్చేవాళ్ళు, ఫోన్ చేసేవాళ్ళు ఈ మధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు, పంప్ యాక్షన్‌లో (గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకి తోస్తే కొత్త తూటా ఎక్కే తుపాకీ) తక్కువ ధర రకం సరిపోతుందా, లేకపోతే అప్పు చేసైనా ఖరీదైన పై రకం తీసుకోవాలా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది. పైగా ఒక్కొక్కరికీ ఒక్కోలా చెప్పానని నాకే అర్థమైంది, అందుకే ఒక్కసారి రాసేస్తున్నా.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా దాదాపు అందరికీ నేను పై రకమే అంటగట్టాను. దాంట్లో నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి, ఆ మాట దాచను. కానీ అదొక్కటే కాదు, తక్కువ రకం మన ఉప్పుగాలికి ఆగదని నిజంగానే నమ్మాను. గోపాల్‌పూర్ సముద్రం ఎంత దూరం మనకి? 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు కొట్టు పైన రేకులు లేచిపోయి, రోజుల తరబడి కరెంటు లేక, షోకేసులో ఉన్న సరుకు మీద తుప్పు ఎలా పాకిందో కళ్ళారా చూశాను. అప్పట్నుంచి "పాలిష్ బాగున్నదే తీసుకోండి" అనడం అలవాటైపోయింది.

2024 ఎన్నికలప్పుడు ఆ నమ్మకం కాస్త కదిలింది. మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న ఇక్కడా, అవతల ఆంధ్ర వైపు ఇచ్ఛాపురంలోనూ ఒకే రోజు పోలింగ్. లైసెన్సుదారులు తుపాకులు డిపాజిట్ చేయాలన్నారు కదా, కొందరు పోలీస్ స్టేషన్‌లో పెట్టారు, కొందరు మా దగ్గర పెట్టి రసీదు తీసుకున్నారు. వాటిలో పదకొండు నేను అమ్మిన పంప్ గన్‌లే. అమ్మిన సరుకు ఇన్నేళ్ళ తర్వాత ఒకేచోట చూసే అవకాశం మాకు మామూలుగా దొరకదు. రిజిస్టర్‌లో ఎక్కిస్తూ ఒక్కొక్కటీ విప్పి చూశాను.

బాగా తుప్పు పట్టినవి మూడు. మూడూ పై రకమే! లోపల ఉన్ని గుడ్డ వేసిన తోలు కవర్‌లో పెట్టి, బీరువాలో తాళం వేసి, వానాకాలం మొత్తం తియ్యలేదట. ఆ గుడ్డ తేమంతా పీల్చి గొట్టానికి పట్టించింది. అన్నిటికన్నా శుభ్రంగా ఉన్నది ఒక బ్యాంకు గార్డుగారిది, మా దగ్గర అందరికన్నా తక్కువ ధరకి కొన్నది, నాకు ఇష్టం లేకపోయినా ఆయనకి అమ్మాను కూడా. పంప్ లాగితే వెన్నలా జారుతోంది. ఏం చేస్తున్నారు సార్ అంటే, "ఏముంది బాబూ, డ్యూటీ దిగాక నూనె గుడ్డతో ఒకసారి తుడుస్తా, కవర్‌లో మాత్రం పెట్టను" అన్నారు. ఆర్మీలో చేసొచ్చిన మనిషి, చేతికి అలవాటు.

సరే, మరి ఎక్కువ డబ్బు దేనికి పోతుంది? చాలామంది యూట్యూబ్‌లో చూసొచ్చి అమెరికా పంప్ గన్ రెమింగ్టన్ 870 కావాలంటారు. బాబూ, బయటి దేశాల తుపాకులు మామూలు లైసెన్సుదారులకి తెప్పించి అమ్మడం 1980లలోనే ఆగిపోయింది, అంతకుముందు వచ్చినవి ఎవరో అమ్మితే తప్ప దొరకవు, దొరికినా ఆ రేటు వింటే కళ్ళు తిరుగుతాయి. కానీ ఈ విషయం అర్థం కావడానికి ఆ 870 మంచి ఉదాహరణ. అది 1950లో వచ్చింది, దాన్లో పై రకం పేరు వింగ్‌మాస్టర్. 1987లో అదే కంపెనీ ఎక్స్‌ప్రెస్ అని చౌక రకం తెచ్చింది. లోపల మెషిన్ ఒకటే, పంప్‌ని బోల్టుకి కలిపే కడ్డీలు, అంటే రెండు పక్కలా రెండు యాక్షన్ బార్లు ఒకటే, తూటా పేలకముందే దాని వెనక మూసే బోల్టు వెళ్ళి గొట్టం వెనక భాగంలోనే లాక్ అవడం కూడా ఒకటే. అంటే బలంలో తేడా లేదు. తేడా అంతా పైపనిలో ఉంది. వింగ్‌మాస్టర్‌కి నున్నగా సానపట్టి నల్లగా మెరిసే బ్లూయింగ్ పూత, వాల్‌నట్ కర్ర. ఎక్స్‌ప్రెస్‌కి గరుకుగా ఉండే మ్యాట్ పూత, మామూలు కర్ర లేదా ప్లాస్టిక్. ఆ గరుకు పూత మీద చెమట చెయ్యి పడితే తుప్పు త్వరగా వస్తుంది, అమెరికాలో వాళ్ళూ ఇదే గోల పెట్టారు. ఇంకో గోల చాంబర్ గురించి. తూటా కూర్చునే ఆ చోటు సరిగ్గా నునుపు చేయకపోతే, కాల్చాక ఖాళీ తూటా ఉబ్బి అక్కడే పట్టేస్తుంది, పంప్ వెనక్కి రాదు. మనం ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉంటే ఆ చాంబర్ పనికే. కర్రకి కాదు.

అల్యూమినియం రిసీవర్ (లోపలి మెషిన్ కూర్చునే నడిమి పెట్టె) అనగానే ముఖం మాడ్చేవాళ్ళకి ఒక మాట. మాస్‌బర్గ్ 500 అని ఇంకో అమెరికా పంప్ గన్ ఉంది, దాని రిసీవర్ అల్యూమినియమే, 1960ల మొదట్నుంచీ అలాగే చేస్తున్నారు. లాక్ గొట్టంలో పడుతుంది కాబట్టి పేలుడు బరువు రిసీవర్ మీద పడదు. దాని చౌక తమ్ముడు మావెరిక్ 88కి కూడా అంతే, ముఖ్యమైన తేడా సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, ఎక్కడుందన్నదే. 500కి వెనక బొటనవేలి కింద ఉంటుంది, 88కి ట్రిగ్గర్ దగ్గర అడ్డంగా నొక్కే బొత్తాం. ఎడమచేతి వాటం వాళ్ళకి మాత్రం ఇది చిన్న విషయం కాదు.

ఇక మన దగ్గర దొరికేవి. ఒకటి సర్కారువాళ్ళ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సరుకు, ఇంకొకటి జమ్ము వైపు, ఇంకా అటూ ఇటూ ప్రైవేటు వాళ్ళు చేసేవి. ప్రైవేటులో ఒక్కో లాట్ ఒక్కోలా ఉంటుంది, అదే తలనొప్పి. పేరు చెప్పను గానీ ఒక తయారీదారు పంపిన లాట్‌లో, మ్యాగజైన్ ట్యూబ్‌లోంచి తూటాల్ని ఒక్కొక్కటిగా వదిలే లాచ్ మెత్తటి ఇనుముతో చేశారు. కొన్నాళ్ళకి అరిగిపోయి ఒకేసారి రెండు తూటాలు వచ్చి ఇరుక్కున్నాయి. ఇద్దరు కస్టమర్లు వెనక్కి తెచ్చారు. ఒకదానికి పార్ట్ పంపారు, రెండోదానికి ఫోన్ ఎత్తడం మానేశారు. నా ఖర్చుతోనే చేయించి ఇచ్చాను. ఆ సరుకు ఇక పెట్టడం లేదు, మిగిలిన రెండింటినీ వెనక్కి పంపేశాను. ఆ లాట్‌లో ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే, మొహమాటపడకండి, తెండి.

కాబట్టి ఇప్పుడు కొట్టుకి వస్తే నేను ధర ముందు చెప్పను. డమ్మీ తూటాలు ఇస్తాను, మీరే నింపి పంప్ లాగండి, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. మెల్లగా లాగినప్పుడే లోపాలు బయటపడతాయి. చాలామంది పంప్‌ని పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకి తోసేసి తుపాకీ జామ్ అయిందంటారు, అది చేతి అలవాటు, తుపాకీ తప్పు కాదు. తర్వాత టార్చి వేసి చాంబర్‌లోకి చూడండి, గీతలు కనిపిస్తే ఇంకోటి అడగండి. గొట్టం మీద చాంబర్ పొడవు 70 మిల్లీమీటర్లని రాసి ఉంటే 76 తూటా పెట్టొద్దు. కాల్చకముందు తూటా మూతి ముడత మూసి ఉంటుంది కాబట్టి లోపల పడుతుంది, కానీ కాల్చాక ఆ ముడత విప్పుకోవడానికి చోటుండదు, ప్రెషర్ పెరిగిపోతుంది.

2019లో చట్టం మారాక ఒకరికి రెండు తుపాకులే. మన వైపు చాలా ఇళ్ళలో తాతగారి డబుల్ బ్యారెల్ ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ వదులుకోరు, వదులుకోమని నేనూ అనను. అంటే మీకు మిగిలింది ఒక్క చోటే. ముందు చౌకది కొని తర్వాత మంచిది చూద్దాం అనుకుంటే, ఆ తర్వాత పాతది అమ్మడానికి ఛత్రపురం కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి. ఈ ఒక్క కారణంతో పై రకం తీసుకుంటానంటే నేను కాదనను. తుడిచే ఓపిక లేదు కాబట్టి పై రకం తీసుకుంటానంటే మాత్రం వద్దంటాను, ఎందుకో పైన చెప్పాను.

గార్డు పనికి, రోజూ చేతిలో ఉండేదానికి తక్కువ రకం చాలు. ప్లాస్టిక్ కర్ర ఇంకా నయం, వానకి ఉబ్బదు. మిగిలిన డబ్బుతో, లైసెన్సులో ఎన్ని రాసుంటే అన్ని తూటాలు కొనుక్కుని రేంజ్‌కి వెళ్ళి చెయ్యి తిప్పుకోండి. జీడితోటల వాళ్ళు అడవిపందుల కోసమని అడుగుతున్నారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చొచ్చని కాదు, అటవీశాఖ అనుమతి వేరే కావాలి, అది లేకుండా నా దగ్గర సలహా అడగొద్దు. పెళ్ళిలో కాల్చడానికని అడిగేవాళ్ళకి అసలు అమ్మను, ఇప్పుడు దానికి రెండేళ్ళ వరకు జైలు ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళు రాబోయే ముందు మీ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో చూసుకోండి. ఆంధ్ర వరకే అని ఉంటే తుపాకీతో సరిహద్దు గేటు దాటి ఇటు రావడమే తప్పవుతుంది, నన్ను తిట్టుకుని లాభం లేదు.

ఈ దీపావళి వరకు ప్రతి శనివారం మధ్యాహ్నం, మా దగ్గర కొన్న ఏ పంప్ గన్ అయినా విప్పి, తుప్పు తీసి, నూనె పెట్టి ఇస్తాం, డబ్బులు తీసుకోం. తుపాకీ ఖాళీ చేసి తెండి, మ్యాగజైన్ ట్యూబ్ కూడా చూసుకోండి, పోయిన నెల ఒకాయన అందులో ఒక తూటా మర్చిపోయి వచ్చారు, మా కుర్రాడికి రెండు రోజులు చెయ్యి వణుకుతూనే ఉంది. లైసెన్సు అసలుది తేవాలి. జిరాక్స్ తెస్తే టీ ఇచ్చి పంపిస్తాను, తుపాకీ మాత్రం ముట్టుకోను.