మద్యం మానాలనుకునేవారికి మీటింగు చిరునామా దొరికేలా చూడండి: జిల్లా ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారాలు.

తిరుపతి ప్రాంతంలో జరిగే మద్య విముక్తి మీటింగుల జాబితా కోసం ఇచ్చిన అర్జీలకు జవాబు రానందున అందరి ముందూ రాస్తున్నాం.

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే తొలి 48 గంటల్లో మూర్ఛ రావచ్చు, ఆపైన మతిభ్రమ. ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు డాక్టరు, తర్వాత మీటింగు. దారి తప్పేది డిశ్చార్జి రోజునే. చీటీలో మాత్రలుంటాయి, మీటింగు చిరునామా ఉండదు. పుత్తూరు నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి పాత చిరునామా పట్టుకుని తాళం వేసిన గది ముందు నిలబడితే, తిరుగుదారిలో వైన్ షాపు తెరిచే ఉంటుంది.

తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవారికే. ఇది తెలియక తోడొచ్చిన భార్య గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కుటుంబాలకు అల్-అనాన్ వేరే ఉంది. రెండింటికీ ఫీజు లేదు.

ప్రభుత్వాసుపత్రుల ఓపీ దగ్గర, బస్టాండులో బోర్డు పెట్టించండి. వారం, వేళ, తెలుగా తమిళమా, ఓపెనా క్లోజ్డా, మత్తు విముక్తికి ఉన్న 14446 హెల్ప్‌లైన్ నంబరు అందులో ఉండాలి. నెలనెలా ఫోన్ చేసి సరిచూడాలి. వివరాలు అడిగినవారి పేరు, ఆధార్ నమోదు చేయకూడదు. చేస్తే వాళ్లు మళ్లీ రారు.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.