నాయకత్వ శిక్షణలో ఏం చదివిస్తున్నారు?

సంపాదకులకు,

మన జిల్లాలో మహిళా సంఘాల ప్రతినిధులకు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు నాయకత్వ శిక్షణ పేరిట జరిగే తరగతుల్లో చదవడానికి ఏమిస్తున్నారో ఎవరూ పట్టించుకోవడం లేదు. పొద్దస్తమానం ప్రొజెక్టరు మీద బాణం గుర్తులు చూపించి, ఎక్కడో కంపెనీ మేనేజర్ల కోసం రాసిన సూత్రాలకు ముతక అనువాదాన్ని ఒక ఫైలులో పెట్టి, భోజనాలు పెట్టి పంపించేస్తారు. ఆ ఫైలు పొదుపు రసీదులు దాచుకోవడానికి మాత్రం బాగానే పనికొస్తోంది.

ఈ పని మీద ఉన్నవారు మొదట చదవవలసింది గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాట. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను విజయనగరం ఆనందగజపతి మహారాజు తీయించారనీ, అవి 1,034 తేలాయనీ, వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు ఐదేళ్లు, ముగ్గురికి ఏడాదే వయసనీ, ఆ జాబితా కూడా సంపూర్ణం కాదనీ అందులో ఉంది. ముందు లెక్క తీశారు. తర్వాతే ఆ సంగతి జనం మాట్లాడుకునే తెలుగులో, కడుపుబ్బ నవ్విస్తూ రంగస్థలం ఎక్కింది. బాల్యవివాహాల మీద బ్యానరు పట్టుకుని ర్యాలీ తీస్తున్న మన సంఘాల్లో, సొంత ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లల పేర్లు రాసి పెట్టుకున్నవి ఎన్ని?

గిడుగు రామమూర్తి గారి జీవితచరిత్ర రెండోది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన ముందు సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ తర్వాతే ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఏజెన్సీ గ్రామాలకు కరపత్రాలు పట్టుకెళ్లే సంస్థలు ఈ వరసను తలకిందులు చేస్తున్నాయి.

పుస్తకం చేతికిచ్చి ఊరుకున్నా ప్రయోజనం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమానికి అక్షరాస్యత వాచకంలోని ఒక పాఠం ఊతమైందంటే, రాత్రి బడిలో ఆడవాళ్లు దాన్ని తమ ఇంటి సంగతిగా చర్చించుకోవడం వల్లనే. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

కాబట్టి గురజాడ ముందుమాటను తేలిక తెలుగులో చిన్న పుస్తకంగా వేసి, గిడుగు చరిత్రతో పాటు ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ ఉంచాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం కడుతున్న గ్రంథాలయ పన్ను ఇలాంటి పనులకే కదా. శిక్షణ ఇచ్చేవారు కూడా ఒక పూట ప్రొజెక్టరు కట్టేసి, ఆ పుస్తకాన్ని సభ్యుల చేతే పైకి చదివించి, తమ ఊరి లెక్క ఎలా తీస్తారో వారినే చెప్పమనాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా