కొల్లేరు ఎంత ఉంది అన్నది కాదు, ఎలా ఉంది అన్నది లెక్క తేలాలి

సంపాదకులకు నమస్కారం.

కొల్లేరు మీద ఏ చర్చ మొదలైనా అది ఎన్ని ఎకరాలు మిగిలిందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. సరస్సు ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎలా ఉందన్నది మరో లెక్క. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021 మార్చిలో ఆమోదించిన పర్యావరణ వ్యవస్థల ఖాతా విధానం కూడా విస్తీర్ణాన్నీ స్థితినీ వేర్వేరు పద్దులుగానే రాయమంటుంది. మన దగ్గర రెండో పద్దును సరిగా ఎలా రాయాలన్న ఆలోచన ఇంకా మొదలు కాలేదన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి మొదటి పద్దే తేలలేదు. 2002లో రామ్‌సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల పట్టికకు, ఎక్కిన కొల్లేరు 90,100 హెక్టార్లు. అంతకు మూడేళ్ల ముందు, 1999లో, అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసే హద్దు గీత) వరకు ప్రకటించిన అభయారణ్యం సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అంటే అందులో దాదాపు మూడో వంతు. కాంటూరును మూడుకు తగ్గించాలన్న డిమాండు సరేసరి. ఇక ఉపగ్రహ చిత్రంలో నీరు కనిపిస్తుంది గానీ, అది సరస్సు నీరా, గట్టు కట్టిన చేపల చెరువు నీరా అన్నది గట్ల ఆకారం చూసి మనిషి విడదీస్తే తప్ప తెలియదు. గుర్రపుడెక్క కమ్మిన చోట అడుగున నీరున్నా పైకి పచ్చిక బయలే కనిపిస్తుంది.

స్థితి దగ్గరకు వస్తే చిక్కు ఇంకా పెద్దది. చెరువు గట్టు మీద కాపలా పడుకునే ప్రతి మనిషికీ తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నాలుగు గంటలకు చేపలు నోళ్లు తెరుచుకుని నీటిపైకి తేలతాయి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పకపోతే పొద్దెక్కేసరికి సరుకు పోయినట్టే. పగలు ఎండలో నాచు ఆక్సిజన్‌ను తయారు చేస్తుంది. రాత్రి చేపతో పాటు ఆ నాచు కూడా ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. కాబట్టి ఎరువులూ మురుగూ చేరి నాచు ఎంత దట్టంగా పెరిగితే, మధ్యాహ్నం రెండు గంటలకు ఆక్సిజన్ కొలిచే మీటరు అంత ఎక్కువ ఆక్సిజన్‌ను చూపిస్తుంది. జబ్బు పడిన నీరే ఆ వేళ ఆరోగ్యంగా కనిపిస్తుంది. కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులతో కలిసి వంతెన దగ్గర నిలబడి ఉండగా, నమూనాల కోసం వచ్చిన ఒక బృందం పదకొండు గంటలకు జీపు దిగి, ఒడ్డున అందిన చోటే సీసాలు ముంచి, పావుగంటలో వెళ్లిపోవడం కళ్లారా చూశాను. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏ వేళకు, ఏ చోట, ఎంత లోతులో ముంచాలో వారికి ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ సీసాలోని అంకె మాత్రం కొల్లేరు పేరుతోనే నమోదై ఉంటుంది.

పక్షుల లెక్కలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రమైన ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) పెరిగాయని చదివి సంతోషిస్తాం, సంతోషించవలసిందే. అయితే అక్కడ గూడు కట్టే పక్షి చుట్టుపక్కల చేపల చెరువుల్లోనూ మేత వెతుక్కుంటుంది. గూళ్లకు రక్షణ ఉందనీ, మేత దొరుకుతోందనీ ఆ సంఖ్య చెబుతుంది తప్ప సరస్సు బాగుందని చెప్పదు. సరస్సు సంగతి చెప్పవలసింది మావుల్లో (చేపలు పట్టే బుట్టల్లో) పడే కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయిలు. వాటి లెక్క ఖాతాలోకి ఎక్కాలి. తవుడూ చెక్కా వేసి పెంచిన బొచ్చె, శీలావతుల టన్నులను కొల్లేరు మనకిచ్చిన సంపదగా జమ వేసుకోవడం ఎంతమాత్రం సరైనది కాదు. ఆ రాబడి పెరిగే కొద్దీ సరస్సు క్షీణిస్తున్నా ఖాతా లాభమే చూపిస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది దేనితో పోల్చాలన్న ప్రశ్న. చెరువుల గట్లు తెగ్గొట్టిన 2006కు ముందటి ఏడాదితో పోలిస్తే ఏ స్థితైనా మెరుగుగానే కనిపించవచ్చు. మనిషి చెయ్యి పడని కొల్లేరును వెతుకుదామంటే, పందొమ్మిదో శతాబ్దం నడుమ ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలతో డెల్టా కాలువలు వచ్చినప్పుడే దానికి చేరే నీటి తీరు మారిపోయింది. అందువల్ల ఒక సంవత్సరాన్ని ఆదర్శంగా పట్టుకోవడం కన్నా, సరస్సు చేయవలసిన పనులను ఆధారం చేసుకుని ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క హద్దు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. బుడమేరు, తమ్మిలేరు వరదను ఎంత పట్టి ఉంచగలుగుతోంది, సముద్రంలోకి దారి అయిన ఉప్పుటేరు గుండా ఎంత వేగంగా వదలగలుగుతోంది, వేసవిలో అదే ఉప్పుటేరు గుండా ఎగదన్నే ఉప్పునీరు ఎంత దూరం వస్తోంది అన్నవి కొలవదగినవే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తరువాత కూడా మొదటి కొలతను పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఇవన్నీ కలిపి నూటికి ఇన్ని మార్కులని ఒకే అంకెగా కుదించవద్దని కూడా సంబంధిత శాఖలను కోరుతున్నాను. నీరు చెడి పక్షులు పెరిగిన ఏడాదీ, నీరు బాగుపడి పక్షులు తగ్గిన ఏడాదీ ఆ సగటులో ఒకేలా కనిపిస్తాయి. జలవనరులు, అటవీ, మత్స్య శాఖలూ కాలుష్య నియంత్రణ మండలీ తమ తమ కొలతలను తేదీ, వేళ, స్థలంతో సహా ఒకేచోట ప్రజలకు అందుబాటులో ఉంచాలి. సరస్సు నీటినీ చెరువు నీటినీ విడివిడిగా చూపాలి. ప్రతి నెలా అవే చోట్ల, కనీసం ఒకసారి తెల్లవారకముందు, ఆక్సిజన్‌నూ ఉప్పదనాన్నీ కొలవాలి. ఆ వేళకు పడవ కట్టగల మత్స్యకారులు ప్రతి లంక గ్రామంలోనూ ఉన్నారు. వారికి కూలి ఇచ్చి మీటరు చేతికిస్తే, దానిని వాడే పద్ధతి నేర్పడానికి నా వంటి విశ్రాంత అధ్యాపకులు సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
ఆకివీడు