మా మెటాడోర్‌కి తుప్పు వదిలించిన వాళ్ళందరికీ

మా మెటాడోర్ పని అయిపోయింది. హైదరాబాద్ అల్వాల్‌లో మా గల్లీ వాళ్ళకి ఈ ముక్క నేను చెప్పక్కర్లేదు, గ్రైండర్ చప్పుడు ఆగిందంటేనే వాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది. సాయం చేసినవాళ్ళు మాత్రం ఊరంతా ఉన్నారు. బాలానగర్‌లో, రాణిగంజ్‌లో, ఆటోనగర్‌లో, మా పిట్టగోడ అవతల. ఫోన్ చేసి అందరికీ థాంక్స్ చెప్పాను గానీ, ఎవరు ఏం చేశారో నలుగురికీ తెలిస్తే బాగుంటుందనిపించింది. పేర్లు వద్దని కొందరన్నారు, అందుకే ఎవరి పేరూ రాయట్లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మెటాడోర్ అంటే మా వయసు వాళ్ళకి స్కూలు బండి, పెళ్ళిబృందం బండి. బజాజ్ టెంపో వాళ్ళది. ఆ కంపెనీ పేరే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. దీనికి ముందు చక్రాలే బండిని లాగుతాయి, వెనక్కి షాఫ్ట్ ఉండదు, అందుకని లోపల ఫ్లోరు కిందికి, చదునుగా ఉంటుంది. నాన్న దీన్నే ఏరికోరి కొని క్యాంపర్‌గా కట్టించుకున్నది అందుకే: రెండు మడత మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, వెనకాల నీళ్ళ ట్యాంకు. అనంతగిరి, లక్నవరం, సాగర్, అన్నీ ఇందులోనే తిరిగాం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడిపోయింది. తిరిగే బండి కంటే నిలబడ్డ బండికే జంగు తొందరగా పడుతుంది. పైకప్పు అంచు గాడిలో వేపాకు కుళ్ళింది, తలుపుల అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోయాయి, అద్దాల రబ్బరు ఎండి పగిలింది. నీరు లోపల చేరి రేకుని లోపలి నుంచే తిన్నది. పైన రంగు బొబ్బలెక్కి మనకి కనపడే సరికి అసలు కథ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మొదట ఒక షాపులో చూపించాం. "లప్పం పెట్టి రంగు కొట్టేస్తం మేడం, కొత్త బండి లెక్క ఉంటది" అన్నారు. చెప్పిన రేటు కూడా తక్కువే. నాన్నకి ఆశ పుట్టింది.

ఆ ఆశ తుంచిన మనిషికే నా మొదటి దండం. బాలానగర్‌లో టింకరింగ్ చేసే చాచా, మా బావకి తెలిసినాయన. వచ్చి టీ కూడా తాగకుండా జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తీశారు. దాన్ని బండి ఒంటి మీద పెట్టుకుంటూ చుట్టూ నడిచారు. ఒకచోట టక్కున అంటుకుంటుంది, రెండడుగులు వేస్తే జర్రున జారిపోతుంది. "ఇక్కడ రేకు లేదు బేటీ, ఎవరో లప్పమే పెట్టి పోయిన్రు" అన్నారు. వెనక చక్రం పైన స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, లోపలికి దిగిపోయింది. కింద జంగు అటుకుల్లా పొరలుపొరలుగా రాలింది. లప్పం నీళ్ళు పీలుస్తుందట. కింద జంగు ఉంచి పైన లప్పం పూస్తే ఆ తడి అక్కడే ఆగి ఇంకా లోతుకి తింటుందట. "కోసెయ్యాలె. లప్పం పనైతే నన్ను పిలవకు" అని లేచారు. పని వద్దనుకునే మనిషి చెప్పిన మాట కదా, నమ్మాం.

అప్పటి నుంచి షాపు బంద్ ఉన్న రోజుల్లో ఆయన మా వాకిట్లోనే. కూలి తీసుకున్నారు, కాదనను. కానీ నేర్పినదానికి లెక్క కట్టలేదు. వెల్డింగ్ మొదలు పెట్టకముందు బ్యాటరీ తీయించారు, డీజిల్ ట్యాంకు దింపించారు, లోపలి గోడలకి అంటించిన ఫోమంతా ఊడదీయించారు. మంచి రేకు మెరుస్తూ కనపడేదాకా కోయించారు. అట్టపెట్టె కత్తిరించి ఆ కంతకి సరిపోయే ఆకారం తీసి, దాని ప్రకారం 20 గేజ్ రేకు కోశారు. ఆ తర్వాత చూడాలి ఆయన ఓపిక! పల్చటి రేకు మీద వెల్డింగ్ ఆపకుండా గీతలా లాగితే వేడికి రేకు వంకర తిరిగిపోతుంది. అందుకని ఇక్కడొక చుక్క, దానికి ఎదురుగా ఇంకో చుక్క, చెయ్యి పెట్టి చూసి చల్లారాక మధ్యలో మరొకటి. మధ్యలో బీడీ. చుక్కలన్నీ కలిసి అంచు మూసుకునే సరికి సాయంత్రం అయ్యేది. తొందరపెట్టిన నాన్నకి "సార్, రేకు వినదు" అని ఒకటే జవాబు.

తలుపు కింద మెట్టు పూర్తిగా పోయింది. దాని కొలత తీసుకెళ్తే బాలానగర్‌లోనే బెండింగ్ మిషన్ ఉన్న ఒక తమ్ముడు, పెద్ద ఆర్డరు మధ్యలో ఆపి మా ముక్క వంచి ఇచ్చాడు. డబ్బులడిగితే "ఇంత చిన్నదానికి బిల్లేంది అక్కా" అన్నాడు. తమ్మీ, నీ మెట్టు మీద మా అమ్మ రెండు కాళ్ళూ పెట్టి నిలబడి చూసింది, కదల్లేదు.

రాణిగంజ్ రంగుల షాపు పెద్దాయన గురించి ఎంత రాసినా తక్కువే. నేను రెడ్ ఆక్సైడ్ అడిగాను. "అది గేటుకి వేసుకోమ్మా" అన్నారు. మామూలు రెడ్ ఆక్సైడ్ తడిని పూర్తిగా ఆపదు, వట్టి రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్ పడాలి, లప్పం పెట్టాల్సొస్తే దాని మీదే పల్చగా పెట్టాలి, పెట్టిన లప్పాన్ని నీళ్ళతో రుద్దకూడదు, పొడిగానే రుద్దాలి. ఒక పాత బిల్లు వెనక ఇదంతా వరసగా రాసిచ్చారు: 80 నంబరు గరుకు పేపరుతో మొదలుపెట్టి, 180, 320, అలా. అసలు సంగతి దీని తర్వాత. నేను పీయూ (పాలీయురేథేన్) పెయింట్ కొందామని వెళ్ళాను, ఆయనకి లాభం అందులోనే. ఆయనే వద్దన్నారు. అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, స్ప్రే గన్‌తో కొడితే ఆ తుంపర ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, ఒకసారి ఒంటికి సరిపడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం పట్టుకుంటుంది. మామూలు గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు. "ఇళ్ళ మధ్య ఆ పని చెయ్యకండి, పక్కన పిల్లలుంటారు" అని చెప్పి సింథటిక్ ఎనామిల్ డబ్బాలు, ఫోమ్ రోలర్లు చేతిలో పెట్టారు. బిల్లు నేననుకున్న దాంట్లో సగం కూడా రాలేదు.

రోలర్‌తో బండికి రంగేమిటని మా చుట్టాలు నవ్వారు. ఆటోనగర్‌లో లారీలకి రంగులేసే అన్న నవ్వలేదు. "లారీలకి బ్రష్‌తోనే ఎన్నేళ్ళు వెయ్యలే?" అంటూ ఒక పూట వచ్చి చేసి చూపించాడు. ఎనామిల్‌లో టర్పెంటైనే కలపాలి. స్ప్రే వాళ్ళు వాడే థిన్నర్ కలిపితే కింది కోటు ముడతలు పడి లేస్తుంది. చెయ్యి చాచినంత మేర రోలర్ తిప్పి, వెంటనే మెత్తటి బ్రష్ మొనతో, బరువు వెయ్యకుండా, పైనుంచి కిందికి ఒక్కటే గీత. బుడగలన్నీ చచ్చిపోతాయి. మళ్ళీ వెనక్కి తిరిగి చూడకూడదు, సగం ఆరిన చోట బ్రష్ పెడితే గీత పడిపోతుంది. ముందు వాకిట్లో నీళ్ళు చల్లి దుమ్ము అణచాలి. మధ్యాహ్నం లోపు కోటు ముగించాలి, లేకపోతే చలికాలం మంచు పడి మెరుపు పోతుంది, లైటుకొచ్చే పురుగులు రంగుకి అంటుకుంటాయి. (ఒక పురుగు అంటుకుంది. ఎక్కడో చెప్పను, వెతుక్కోండి.)

రంగు మాత్రం పాత క్రీమ్ తెలుపే. నాకు ఆకుపచ్చ ఇష్టం, కానీ రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్, రెన్యువల్ తిరుగుళ్ళే చాలు.

ముందు అద్దం ఎక్కించిన అన్న పని ఇంకా కళ్ళల్లో ఉంది. కొత్త రబ్బరు గాడి చుట్టూ సన్న తాడు దూర్చి, సబ్బు నీళ్ళు పూసి, అద్దాన్ని బయట నుంచి ఇద్దరం అదిమి పట్టుకున్నాం. ఆయన లోపల కూర్చుని తాడు లాగుతుంటే రబ్బరు పెదవి అంగుళం అంగుళం లోపలికి తిరిగి రేకుని పట్టుకుంది. చప్పట్లు కొట్టేశాం.

పక్కింటి పెద్దమ్మా, నెలల తరబడి నీ బట్టలు వెనక దండెం మీదికి మార్చుకున్నావు, వడియాలు కూడా మేడ అటువైపు ఎండబెట్టుకున్నావు, ఒక్క మాట అనలేదు. మనవడి పదో తరగతి చదువు కోసం గ్రైండర్ ఏ వేళకి ఆపాలో మాత్రం గట్టిగా చెప్పావు, అది కూడా మంచిదే అయింది. ఎదురింటి అంకుల్, మీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అవసరం పడలేదు, వెనక్కి ఇచ్చేశాను. బావా, నీ జాకీ స్టాండ్లు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళు.

చాచా ఆజ్ఞ ప్రకారం తలుపుల అడుగు రంధ్రాలన్నీ తీగతో పొడిచి తెరిచాను. వానలకి ముందు ప్రతిసారీ చెయ్యాలట. బండి కూడా వేపచెట్టు కింద నుంచి జరిపేశాం.

సాయం చేసిన వాళ్ళలో ఎవరికైనా కుటుంబంతో అనంతగిరి వెళ్ళాలనుంటే బండి మీదే, డీజిల్ మాది. ఒక్క సాయం మిగిలింది: వెనక తలుపు చుట్టూ వచ్చే రబ్బరు బీడింగ్ రాణిగంజ్‌లోనూ దొరకలేదు, ప్రస్తుతానికి సీలెంట్‌తో మూశాను. ఎవరి షెడ్డులోనైనా పాత మెటాడోర్ పడి ఉంటే, రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే, ఒక మాట చెప్పండి. నేనే వచ్చి విప్పుకుంటాను.