ఎఫ్‌పీఓల ప్రణాళికల్లో లక్ష్యాలున్నాయి, వ్యూహం ఏది?

సంపాదకుడు గారికి నమస్కారం.

కేంద్రం 2020లో మొదలుపెట్టిన పది వేల ఎఫ్‌పీఓల పథకం కింద మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎఫ్‌పీఓలు, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, పెద్ద సంఖ్యలో ఏర్పడ్డాయి. వాటి వ్యాపార ప్రణాళిక ఏది తిరగేసినా ‘వ్యూహం’ అనే శీర్షిక కనిపిస్తుంది. దాని కింద రాసేది మాత్రం అంతటా దాదాపు ఒకటే: మూడేళ్లలో టర్నోవర్ అయిదింతలు చేస్తాం, సొంత బ్రాండ్ తెస్తాం, దళారులను తొలగిస్తాం, ఎగుమతులు చేస్తాం. ఇవి లక్ష్యాలు. ఎదుటివాడి బలం ఎక్కడుంది, మన చేతిలో ఎంత ఉంది, ఆ కాస్తనీ ఏ ఒక్కచోట పెడితే పని జరుగుతుంది, అందుకోసం వేటిని వదులుకోవాలి అని తేల్చి రాస్తేనే దాన్ని వ్యూహం అనాలి. ఆ లెక్క వేయకుండా ఆమోదించిన ప్రణాళికల భారం చివరికి రైతు వాటాధనం మీదే పడుతోంది.

గుంటూరు ప్రాంతంలోని ఒక మిర్చి సంఘాన్నే తీసుకుందాం. 750 మంది సభ్యులు తలా 2,000 రూపాయల చొప్పున కడితే 15 లక్షలు. పథకం నిబంధనల ప్రకారం ప్రభుత్వం ఈ వాటాధనానికి జోడింపుగా, ఈక్విటీ గ్రాంటు పేరుతో, గరిష్ఠంగా మరో 15 లక్షలు ఇస్తుంది. మొత్తం 30 లక్షలు. క్వింటాలు 15,000 అనుకుంటే ఈ డబ్బుకి వచ్చే మిర్చి 200 క్వింటాళ్లు. ఎకరాకి 20 క్వింటాళ్ల దిగుబడి వేసుకుంటే అది పది ఎకరాల పంట. ‘సభ్యులందరి పంటా మేమే కొంటాం’ అని ప్రణాళికలో రాసినవారు ఈ చిన్న గుణకారం చేసి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

ఇక కారం మర సంగతి. దాదాపు ప్రతి మిర్చి సంఘం ప్రణాళికలోనూ ఇది ఉంటుంది. మర, ప్యాకింగ్ యంత్రం, షెడ్డు కలిస్తే మూలధనంలో సగం పోతుంది. మిగిలిన 15 లక్షలకి వచ్చేది 100 క్వింటాళ్లు. కోతలు ముగిసిన కొన్ని నెలలకే మరకి సరుకుండదు. పొడి కొట్టేటప్పుడు వేడి అదుపులో లేకపోతే రంగు తగ్గుతుంది, ప్యాకెట్ వెలుతురులో నిలవుంటే ఇంకా వెలుస్తుంది. కిరాణా కొట్టులో పాతుకుపోయిన బ్రాండ్ల పక్కన చోటు కావాలంటే డిస్ట్రిబ్యూటర్‌కి మార్జిన్ ఇవ్వాలి, కొట్టువాడికి అరువివ్వాలి, గడువు తీరిన ప్యాకెట్లు వెనక్కి తీసుకోవాలి. ఆ రంగంలో పెద్ద కంపెనీల బలమంతా ఈ పంపిణీలోనే ఉంది. అందులో ఏ బలమూ లేని సంఘం అక్కడికే వెళ్లి తలపడటం కోరి ఓటమి తెచ్చుకోవడం.

నిజానికి సంఘానికి పోటీ కారం కంపెనీతో కాదు, రైతుకి పెట్టుబడి పెట్టే కమీషన్ వ్యాపారితో. నాట్లప్పుడు ఎరువుకీ మందుకీ అప్పిచ్చినవాడి కొట్టుకే జనవరిలో మిర్చి టిక్కీలు (బస్తాలు) వెళతాయి. క్వింటాలుకి రెండు మూడు వందలు ఎక్కువ ఇస్తామన్నా రైతు సంఘానికి అమ్మకపోవడానికి కారణం అవగాహన లేకపోవడం కాదు, అప్పు. జబ్బు ఇది. అవగాహన సదస్సులతో తగ్గదు.

ఈ సంగతి మన దగ్గర ఎప్పుడో గ్రహించినవారున్నారు. ఇప్పటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి ఆధ్వర్యంలో 1956లో ఏర్పడిన సహకార సంఘం పేరులోనే గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ రెండూ ఉన్నాయి. అప్పిచ్చేదీ, ఎరువులమ్మేదీ, ధాన్యం కొనేదీ ఒకే సంఘం. కొన్ని ఊళ్లకే పరిమితమై ఆ ఊళ్లలో రైతు అవసరాలన్నీ చూసుకుంది. విస్తరించకపోవడం అక్కడ లోపం కాదు, ఎంపిక.

కంపెనీల చట్టం కింద నమోదైన ఉత్పత్తిదారుల కంపెనీ సభ్యులకు ఆరు నెలల వరకు అరువు సదుపాయం ఇవ్వవచ్చు. కాబట్టి అలా నమోదైన మన మిర్చి సంఘం ఎకరాకి 30 వేల రూపాయల ఎరువులు, మందుల చొప్పున 60 ఎకరాలకి అరువిస్తే 18 లక్షలవుతుంది. ఆగస్టు నుంచి దఫాలుగా ఇచ్చిన ఈ అరువు కోతల నాటికి గడువులోనే తిరిగొస్తుంది. ఆ 60 ఎకరాల పంట సుమారు 1,200 క్వింటాళ్లు. అందులో సగం వచ్చిన వారంలోనే అమ్మేయాలి. మిగతా సగాన్ని డబ్ల్యూడీఆర్‌ఏ (గిడ్డంగుల నియంత్రణ సంస్థ) నమోదు ఉన్న గిడ్డంగిలో పెట్టి, అది ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకులో 75 శాతం రుణం వస్తే ఆ డబ్బులోంచి అరువు మినహాయించి రైతుకి వెంటనే ఇవ్వాలి, మిగిలింది అమ్మాక ఇవ్వాలి. చేతిలో ఉండే 12 లక్షలు అద్దె, వడ్డీ, గోతాలు, పరీక్షలకి.

సగమే నిల్వ పెట్టమనడానికి కారణముంది. 15,000 ధర మీద 75 శాతమంటే క్వింటాలుకి 11,250 రుణం. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర అంత దిగితే రుణానికీ సరుకు విలువకీ మధ్య మిగిలేది 531 రూపాయలు. అంతకు చాలా ముందే తగ్గిన విలువకి బదులు కొంత సొమ్ము (మార్జిన్) అదనంగా కట్టమని బ్యాంకు అంటుంది. ధర ఎంతకి దిగితే అమ్మేయాలో గిడ్డంగిలో పెట్టే రోజే బోర్డు తీర్మానం రాసుకోవాలి. పడుతున్న ధర చూస్తూ తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది.

సరుకు తీసుకునే నియమాలు కూడా ఈ ఎంపికకి సరిపోవాలి. నేల మీద కాకుండా టార్పాలిన్ పట్టాల మీద ఆరబెట్టాలి, తేమ 10–11 శాతానికి దిగాలి, తాలు (రంగు పోయిన నాసి కాయ) వేరుచేయాలి, ఏ రైతు ఏ మందు ఏ రోజు కొట్టాడో లాట్ నంబరుతో పుస్తకంలో ఉండాలి. తడి ఆరని కాయకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం వస్తుంది. ఐరోపా దేశాలు మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోవు. అరువు సంఘానిదే కాబట్టి ఏ మందు అమ్మాలో కూడా సంఘం చేతిలోనే ఉంటుంది. ఒక పని ఇంకో పనికి ఊతమవ్వడమంటే ఇదే. నియమం తప్పిన లాట్‌ని అధ్యక్షుడి బావమరిదిదైనా వెనక్కి పంపాలి. ఒక్కటి లోపలికి వస్తే కొనేవాడి దగ్గర మొత్తం సరుకు మీద నమ్మకం పోతుంది.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టమైన పని, ఆ 60 ఎకరాల రైతులు పోగా మిగిలిన ఏడు వందల మంది సభ్యులకి ‘మీ వంతు ఈ ఏడాది కాదు’ అని సర్వసభ్య సమావేశంలో లేచి చెప్పడం. అది చెప్పలేకే డబ్బుని ఎరువుల దుకాణానికి కొంత, మరకి కొంత, డ్రోన్‌కి కొంత పంచేస్తారు. ఏదీ నిలబడదు. సీఈఓ, అకౌంటెంట్ జీతాలు మోసే 18 లక్షల నిర్వహణ సాయం మూడేళ్లకే పరిమితం. ఆ తర్వాత గది అద్దె కట్టడానికీ వెతుక్కోవాలి.

ఈ పథకాన్ని అమలుచేసే నాబార్డు, ఎస్‌ఎఫ్‌ఏసీ, ఎన్‌సీడీసీ సంస్థల అధికారులకు, కలెక్టర్ల అధ్యక్షతన ఉన్న జిల్లా పర్యవేక్షణ కమిటీలకు మా విన్నపం ఇది. అయిదేళ్ల టర్నోవర్ పట్టికలకు ముందు ఒక్క పేజీ అడగండి. సభ్యుల పంట ఇవాళ ఎవరికి వెళుతోంది, ఎందుకు వెళుతోంది, వాటాధనం ఏడాదిలో ఎన్నిసార్లు తిరుగుతుంది, మొదటి రెండేళ్లు ఏ పనులు ముట్టుకోరు అన్నవి అందులో ఉండాలి. ఆ పేజీని సీబీబీఓ (సంఘాలను ఏర్పాటుచేసి చేయూతనివ్వడానికి నియమించిన సంస్థ) సిబ్బంది కాకుండా సంఘం డైరెక్టర్లే రాసి, సర్వసభ్య సమావేశంలో చదివి, మినిట్స్‌లో నమోదు చేశాకే ఈక్విటీ గ్రాంటు దరఖాస్తు తీసుకోండి. వచ్చే ఖరీఫ్ ప్రణాళికల నుంచే ఇది అమలు చేయవచ్చు. కొత్త జీవో కూడా అక్కర్లేదు, దరఖాస్తు ఫారంలో ఒక పేజీ చేరిస్తే చాలు.

ఇట్లు,
వ్యవసాయ మార్కెటింగ్ రంగంలో పనిచేస్తున్న పాఠకులు,
గుంటూరు