సారంగధరుడి కథలో గుమ్మెట మోగితే అపచారమా?

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో మా ఊరి నాటకం మీద వచ్చిన సమీక్ష చదివి, పెద్దవాళ్లెవరైనా బదులు రాస్తారేమోనని నాలుగు రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి ‘విషాద సారంగధర’ను బుర్రకథ బృందంతో కలిపి ఆడటం అపచారమని మీ సమీక్షకులు తీర్పు చెప్పారు. శీర్షికలో ‘డప్పుల మోత’ అని కూడా పెట్టారు. ఆ రాత్రి వేదిక మీద డప్పు లేదు. కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు, వంత పాడే ఇద్దరు వంతల దగ్గరా గుమ్మెటలనే చేతివాద్యాలు రెండు ఉన్నాయి. డప్పు ఉన్నా తప్పేమీ కాదు, అది వేరే సంగతి. కానీ గుమ్మెటను చూసి డప్పు అనుకున్నవారు సంప్రదాయం గురించి మాకు పాఠం చెప్పడమే విడ్డూరంగా ఉంది.

ఇంతకీ ఏ సంప్రదాయం? బళ్లారిలో వకీలుగా ఉంటూ సరస వినోదిని సభ అనే నాటక సమాజాన్ని నడిపిన ఆచార్యులవారు ఈ నాటకం రాసినప్పుడు చేసిందేమిటి? సవతి తల్లి చిత్రాంగి మోపిన నిందను నమ్మి తండ్రి రాజరాజనరేంద్రుడు నరికించిన సారంగధరుడి కాళ్లూ చేతులూ సిద్ధుడి దయవల్ల తిరిగి మొలిచే కథను తీసుకుని, నాటక నియమాలు రాసిన మన లాక్షణికులు ఒప్పుకోని విషాదాంతంతో ముగించారు. నాటకాల్లో పాటలు పెట్టారు. 1891లో ఆ సభవారు మద్రాసు వెళ్లి ఆడిన నాటకాలు చూసిన ఉత్సాహంతోనే తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ మొదలియార్ అక్కడ సుగుణ విలాస సభను ప్రారంభించారు. ఆచార్యులవారు అపచారానికి భయపడి ఉంటే ఈనాడు మనం కాపాడుకోవడానికి ఈ నాటకమే ఉండేది కాదు. అంతకు ఎన్నో తరాల ముందే గౌరన కవి ఈ కథను పాడుకోవడానికి వీలైన ద్విపదలో చెప్పాడు. పాటలోంచి వేదిక మీదికి వచ్చిన కథ మళ్లీ పాటను పలకరిస్తే ఎవరి పరువు పోయింది?

పద్యనాటకానికి హార్మోనియం ఒక్కటే శోభ అని కూడా మీవారు సెలవిచ్చారు. అది ఐరోపా నుంచి వచ్చిన పెట్టె అనీ, 1940లో ఆకాశవాణి దానిని గడప తొక్కనివ్వకుండా వెలివేసి, ఆ వెలిని మూడు దశాబ్దాలు సాగించిందనీ ఆయనకు ఎవరైనా చెబితే బాగుండును. మాక్‌బెత్ అంతటి విషాద నాటకాన్ని 1979లో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ యక్షగాన బాణీలో ఢిల్లీ వేదిక మీద ఆడించారు. బొబ్బిలి, పల్నాటి యుద్ధాలు పాడి ఊళ్లకు ఊళ్లను ఏడిపించిన బుర్రకథకు శోకం చేతకాదని అనడానికి ధైర్యం కావాలి.

ఆ ప్రదర్శనలో లోపాలు లేవని నేను అనను. చిత్రాంగి పద్యాలు రెండుచోట్ల గుమ్మెట దరువులో మునిగిపోయాయి. కానీ రాజరాజనరేంద్రుడు కొడుకు మాట వినకుండానే శిక్ష ప్రకటించగానే, వర్తమాన వ్యవహారాల మీద చురకలు వేసే రాజకీయ వంత ముందుకు వచ్చి, ‘విచారణ ఎప్పుడు జరిగింది ప్రభూ?’ అని అడిగినప్పుడు సభ మొదట నవ్వి, మరుక్షణం నిశ్శబ్దమైపోయింది. టేపులో పట్టి తెచ్చిన సంగీతం ఆ నవ్వు ఆగేదాకా ఆగుతుందా? ఆ వంత ఆగాడు.

నిజమైన అపచారాల గురించి మీ సమీక్షలో ఒక్క ముక్క లేదు. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చి, రెండో రంగం మధ్యలో నాటకాన్ని ఆపించి శాలువా కప్పించుకున్నారు. కళాకారులకు శాలువా మాట అటుంచి, మంచినీళ్లు కూడా అందలేదు. దోమల నివారణ, పన్నుల వసూలు పాటలకు మాత్రం ఇదే బృందాన్ని కబురు పెట్టి పిలిపిస్తారు, బిల్లు అడిగితే నెలల తరబడి తిప్పుతారు. తొమ్మిదిన్నర కాగానే సమయం అయిపోయిందంటూ నాటక మందిరం సిబ్బంది దీపాలూ మైకూ కట్టేశారు. అద్దె తీసుకునేటప్పుడు చూపిన చురుకుదనమే అప్పుడూ చూపించారు, కాదనను. సారంగధరుడి తల్లి రత్నాంగి దుఃఖాన్ని వంతలిద్దరూ చీకట్లోనే, మైకు లేకుండానే పాడారు. నా వరుసలో ఒక్కరు కూడా లేవలేదు.

చివరిగా ఒక మాట. సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికే ఘట్టంలో వాద్యాల హోరు భరించలేకపోయామని మీ సమీక్షకులు రాశారు. ఆ ఘట్టంలో గుమ్మెటలు రెండూ ఆగిపోయాయి. తంబుర తీగ ఒక్కటే మోగింది. ఆయన అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. డప్పు గురించీ ఈ ఘట్టం గురించీ సవరణను సమీక్ష వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఆఖరి దాకా కూర్చున్న ఒక ప్రేక్షకుడు