పొగ, నిప్పు, నా మొహం

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ పర్వతం,

రెండు ఉత్తరాలు రాశావు, ఒక్కదానికీ జవాబివ్వలేదు. తిట్టుకో. బుధవారం సాంబారు కేసులో నన్ను ఇరికించావుగా, దానికి చెల్లు. అమ్మ మోకాలు ఫర్వాలేదు. నా ప్రమోషన్ సంగతి అడగొద్దు. అసలు విషయం నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

గురువారం సాయంత్రం జలుబుతో ముక్కు దిబ్బడేసి ఇంట్లో పడున్నాను. మారతహళ్లిలో మాది మూడో అంతస్తు కదా, కిటికీలోంచి చూస్తే కింద బాల్కనీ మీదుగా తెల్లగా, దట్టంగా పొగ. 'నిప్పు, నిప్పు' అని అరుస్తూ మెట్లు దిగాను. గేటు దగ్గర మా వాచ్‌మన్ (మడకశిర వైపు మనిషి) పళ్లికిలించి, "దోమల మందు సార్! వీధిలో మిషన్‌తో కొడతాండారు, వాసన తెలీలేదా?" అన్నాడు. నా ముక్కు సంగతి వాడికేం తెలుసు?

సిగ్గుతో వెనక్కి తిరుగుతున్నానా, డాబా మీద బట్టలు తీస్తున్న రెండో అంతస్తు పిన్నిగారు నా అరుపులకి పరుగున దిగొచ్చి వాళ్ల తలుపు తీశారు. స్టవ్ మీద పాలగిన్నె నల్లగా మాడిపోయింది. పక్కనున్న గళ్ల మసిగుడ్డ అంటుకుని, ఎర్రటి అంచు మెల్లగా పాకుతోంది. గ్యాస్ ట్యూబ్‌కి జానెడు దూరం రా! స్టవ్ ఆపేసి బకెట్టు నీళ్లు కుమ్మరించాను.

ఇప్పుడు చెప్పు. నిప్పుందని నూటికి నూరుపాళ్లు నమ్మాను. నిప్పు నిజంగానే ఉంది. నమ్మడానికి పొగ అనే కారణమూ ఉంది. మరి నాకు తెలిసిందా? ఏం తెలిసింది, నా మొహం! ఆ పొగ వేరు, ఈ నిప్పు వేరు. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ తత్వవేత్త మూడు పేజీల వ్యాసం రాసి, సరైన కారణంతో నిజాన్ని నమ్మినంత మాత్రాన అది జ్ఞానం కాదని తేల్చాడు చూడు, అచ్చం అదే. ఆయన కంటే ముందు, 8వ శతాబ్దంలోనే, బౌద్ధ తాత్వికుడు ధర్మోత్తరుడు చెప్పాడు: మాంసం కాలుస్తున్న చోట ఇంకా పొగ రాకముందే ముసిరిన ఈగల గుంపును దూరం నుంచి చూసి పొగనుకుని, నిప్పుందనుకున్నవాడి కథ. వాడు నేనే. ఈగలకి బదులు దోమల మందు, అంతే తేడా!

కానీ నువ్వు హాస్టల్లో ఊగుతూ 'పర్వతో వహ్నిమాన్' (కొండ మీద నిప్పుంది) అని బట్టీపట్టిన తర్కసంగ్రహం, అదే న్యాయశాస్త్రపు వాచకం ఉందే, అందులో దాన్ని రాసిన అన్నంభట్టు ఏమన్నాడు? ఉన్నచోట ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహిస్తే యథార్థానుభవం, అదే ప్రమ, అంటే సరైన జ్ఞానం. ఆ లెక్కన నాది ప్రమేనా? ఆయన అంత సులువుగా పాస్ చేసేస్తాడా? ఆ పర్వతం పేరే పెట్టించుకున్నావుగా, నువ్వే చెప్పాలి.

నన్ను తినేస్తున్నది మాత్రం వాచ్‌మన్ గొడవ. వాడి కారణం నా కారణం కంటే గట్టిది. అది మందు పొగే అని వాడికి నిజంగా తెలుసు. దాన్నిబట్టి నిప్పు లేదనుకోవడమే తప్పయింది. తీరా అందరూ వాణ్ణి కేకలేశారు, పిన్నిగారు నాకు ఆరు బొబ్బట్లు తెచ్చి, "దేవుడిలా కనిపెట్టావు నాయనా" అన్నారు. నిజం చెబుదామని నోరు తెరిచాను, బొబ్బట్టు అడ్డమొచ్చింది. నెయ్యి కూడా వేశారు రా.

అప్పటినుంచి వాచ్‌మన్ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. రేపు పొద్దున్నే పిన్నిగారి దగ్గరికి వాణ్ణి కూడా తీసుకెళ్లి... ఉండు, కింద నుంచి ఎవరో పిలుస్తున్నారు. వాడిలాగే ఉంది గొంతు. మిగతాది